ఆటిజం ఉన్న పెద్దవాళ్లు: కంగారు ఆడవాళ్లకే ఎక్కువా, మన ఫారానికి అలా కనబడుతోందా?

కృష్ణలంక_సైకాలజిస్ట్
ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆడవాళ్లకే ఆందోళన ఎక్కువని ఇక్కడ తరచూ రాస్తున్నారు. నేను ఒప్పుకోను. హాలక్స్ బృందం 2019లో అధ్యయనాలన్నీ కలిపి వేసిన లెక్కలో, ప్రస్తుతం ఆందోళన రుగ్మత ఉన్నవాళ్లు 27 శాతం, జీవితంలో ఎప్పుడైనా వచ్చినవాళ్లు 42 శాతం. అది ఆడా మగా కలిపిన లెక్క. ఇక తేడా తేల్చడానికి మనం తీసేది జీఏడీ-7, అంటే ఆందోళనని కొలిచే 7 ప్రశ్నల కాగితం, ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3. 5వ ప్రశ్న: ఒకచోట కూర్చోలేనంత అస్థిమితం. చేతులు ఆడిస్తూ, ఊగుతూ హాయిగా ఉన్న మనిషి కూడా దానికి 3 వేస్తాడు. 6వది చిరాకు. ట్యూబ్‌లైట్ గీ మనే చప్పుడుకి వచ్చిన చిరాకూ అందులోనే పడుతుంది. ఈ రెండిట్లోనే 6 వచ్చేస్తే, ఆందోళన ఉండొచ్చు అనే గీత 10 దగ్గరుంది. ఇంకేం మిగిలింది?

అరండల్‌పేట_ఓటీ
కాగితం తప్పైతే ఇద్దరికీ తప్పే కదా సార్. తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

నా లెక్కలో అది దాపరికం ఖరీదు. ఆటిజం లక్షణాలు బయటికి కనబడకుండా ఎంత దాచుకుంటున్నారో చూసే క్యాట్-క్యూ అనే 25 ప్రశ్నల కొలతలో ఆటిజం ఉన్న స్త్రీలకి పురుషులకంటే ఎక్కువ స్కోరు వచ్చింది. ఆటిజం లేనివాళ్లలో ఆ తేడా కనబడలేదు. గుంటూరులో ఏ ఫంక్షన్ హాల్లోనైనా చూడండి. డీజే మోత భరించలేని మగాడు బండి తాళాలు తీసుకుని బయటికెళ్లి నిలబడతాడు, ఎవరూ అడగరు. అదే కోడలైతే పట్టుచీరలో, వీడియో లైటు కింద నవ్వుతూ కూర్చోవాలి. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగదు. "పెళ్లిలో బానే ఉందిగా" అంటారు అత్తగారు.

కృష్ణలంక_సైకాలజిస్ట్
మగాళ్ల సంగతి కూడా చూడండి మేడమ్. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అలెక్సితీమియా, అంటే తన లోపలేం జరుగుతోందో తనకే మాట దొరకదు. "కంగారుగా ఉందా" అంటే "లేదు" అంటాడు, అరచేతులు చెమటలు పడుతుంటాయి. పైగా పెద్దయ్యాక నిర్ధారణకి వచ్చే ఆడవాళ్లు చాలామంది కంగారు, డిప్రెషన్‌తోనే డాక్టరు గడప తొక్కుతారు. ఆ గుంపులో కంగారు ఎక్కువుండక ఏం చేస్తుంది?

బెజవాడ_సైక్‌నర్స్
ఇద్దరూ క్యాలెండర్ మర్చిపోయారండీ. జీఏడీ-7 అడిగేది గత 2 వారాల గురించి. నెలసరి ముందు 2 వారాల్లో ఫారం పెడితే ఒక మనిషి, తర్వాత పెడితే ఇంకో మనిషి. పీఎమ్‌డీడీ, అంటే నెలసరి ముందు మనసుని తీవ్రంగా కుదిపే రుగ్మత, ఉందనాలంటే రోజువారీ నమోదు కనీసం 2 నెలసరుల పాటు ఉండాలి. ఒక్క కాగితంతో "ఆడవాళ్లకి ఎక్కువ" అనడం ఎంత తప్పో, "తేడా లేదు" అనడమూ అంతే.

అరండల్‌పేట_ఓటీ
ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే నమోదులో "ఎలా అనిపించింది" అనే గడి పెట్టకండి, ఖాళీగా వస్తుంది. రోజుకి 3 సార్లు, 4 గడులు: చోటు (చప్పుడు, వెలుతురు, ఎండ), ఒంట్లో గుర్తు (దవడ బిగింపు, దడ, కడుపులో తిప్పడం) 0 నుంచి 10, ఏం చేశారు, కుదుటపడ్డానికి ఎన్ని నిమిషాలు. నాలుగో గడే అసలు సంగతి చెబుతుంది. పైకి నవ్వుతూ లాక్కొచ్చినవాళ్లకి అక్కడ గంటలు పడతాయి.

ఇంకోటి. మోత మధ్యలో ఉన్న మనిషికి "ఆలోచన మార్చుకో" అని చెప్పకండి. ముందు చోటు మార్చాలి, నీళ్లివ్వాలి, మాటలు ఆపాలి. కుదుటపడ్డాకే కాగితం మీద రాసి మాట్లాడాలి. ఊపిరి మీద ధ్యాస పెట్టమంటే కొందరికి దడ ఇంకా పెరుగుతుంది. వాళ్లకి గోడని రెండు చేతులతో గట్టిగా నెట్టడం నయం.

కృష్ణలంక_సైకాలజిస్ట్
నాలుగో గడికి ఓటు వేస్తున్నా. మగాళ్లకీ అదే పెట్టి చూద్దాం, అప్పుడు తేలుతుంది ఎవరికెక్కువో. ఫారంలో "ఆందోళన" అన్న మాట మాత్రం తీసేయాలి. మాటని ఉన్నదున్నట్టు తీసుకునేవాళ్లకి బెజవాడ అలంకార్ సెంటర్ ధర్నా చౌక్ గుర్తొస్తుంది.

బెజవాడ_సైక్‌నర్స్
తీసేయకండి సార్. ముద్రించిన మాట మారిస్తే ఆ 10 గీత పనికిరాదు. కాగితం అలాగే ఉంచి, పక్కన పెన్సిల్‌తో "కంగారు, దడ" అని రాయండి. "సగానికి పైగా రోజులు" అన్నచోట క్యాలెండర్ చేతికిచ్చి 14 గళ్లలో టిక్కులు పెట్టించండి.