14 అడ్డం: కిటికీకి దీర్ఘం లెక్కలేదా?

పలకాబలపం | ఉ. 7.12
ఇవాళ్టి గళ్ళనుడికట్టులో 14 అడ్డం సంగతి తేలాలి. ఆధారం ఇది: "ఎటు నుంచి చూసినా ఒకటే ఈ గోడకన్ను (3)". జవాబు కిటికీ అంటున్నారు. కి-టి-కీ. చివరి నుంచి చదవండి, కీ-టి-కి అవుతుంది. ఒకటి ఎలా అయింది? ఒక చివర పొట్టి కి, ఇంకో చివర పొడుగు కీ. నేను గవాక్షం అని రాశాను. గవాక్షం అంటేనే ఎద్దు కన్ను. "గోడకన్ను"లో మొదట గో ఉంది, చివర కన్ను ఉంది. మూడక్షరాలు కూడా సరిపోయాయి. ఇది ఎందుకు కాదో ఎవరైనా చెప్పండి.

సగంగడి | ఉ. 7.15
ఎద్దు కన్నా, ఆవు కన్నా? ముందు అది తేల్చండి మాస్టారూ.

డాలస్ వదిన | ఉ. 7.21
మాస్టారూ, గవాక్షం మంచి మాటే, ఈ గళ్ళలో మాత్రం పట్టదు. మూడో గడి నుంచి 15 నిలువు దిగుతోంది చూడండి: "తాళంచెవితో మొదలుపెట్టి ఆడించినట్టల్లా ఆడేది (4)". తాళంచెవి అంటే కీ, జవాబు కీలుబొమ్మ. మీ లెక్కన అది "క్షం"తో మొదలవ్వాలి. అక్కడ ఏం రాశారు మీరు?

ఇంకో మాట. గోడకన్నులో గో తీసుకున్నారు, కన్ను తీసుకున్నారు. మధ్యలో డ ఎక్కడికి పోయింది? "ఎటు నుంచి చూసినా ఒకటే" అన్న సగం ఆధారం మీ జవాబులో ఏ పని చేసింది? ఆధారంలో ఊరికే నిలబడి చూసే మాట ఒక్కటి కూడా ఉండకూడదని ఈ గుంపులో అందరికీ నేర్పింది మీరే.

పలకాబలపం | ఉ. 7.34
15 నిలువు క్షంతవ్యుడు అని రాశాను. క్షం-త-వ్యు-డు, నాలుగక్షరాలు. ఆడించినట్టల్లా ఆడేవాడిది తప్పేముంది, ఆడించినవాడిది గానీ. కాబట్టి వాడు క్షంతవ్యుడు. తాళంచెవి అంతుపట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే నేను అడిగింది 15 నిలువు గురించి కాదు, దీర్ఘం గురించి. విషయం మార్చకండి.

గళ్ళచొక్కా | ఉ. 7.36
క్షంతవ్యుడా!! టీ పొలమారింది.

కొత్తపెన్సిల్ | ఉ. 7.40
నేను చేరి పది రోజులే అయింది. 6 నిలువు ఎవరైనా చెబుతారా? "తలలేని కోతికి నాడి దొరికింది (2)". రెండో గడిలో "రం" వచ్చింది నాకు.

డాలస్ వదిన | ఉ. 7.52
సరే, దీర్ఘం గురించే మాట్లాడదాం. పోయిన వారం ఒక ఆధారం వచ్చింది, "కలపను తిరగేసి బడికి పంపండి (3)". క-ల-ప తిరగేస్తే ప-ల-క. పైగా పలక చుట్టూ ఉండే చట్రం కూడా కలపే. అంత చక్కటి ఆధారం ఏడాదికొకటి వస్తుంది. అక్కడ కూర్పరి తిరగేయమని నోరు తెరిచి చెప్పారు. ఇక్కడ తిరగేయమన్నారా? చదవమన్నారా? చూడమన్నారు. ఇంట్లోంచి చూసినా వీధిలోంచి చూసినా అదే కిటికీ. మీరే చూడడాన్ని చదవడంగా మార్చుకుని, ఆ తర్వాత దీర్ఘం కుదరలేదని కూర్పరి మీద పడుతున్నారు.

ఇంగ్లీషు గళ్ళ కూర్పరుల్లో ఆఫ్రిట్ అన్న మారుపేరుతో రాసినాయన ఒక సూత్రం పెట్టాడు. పైకి కనిపించే అర్థం నా ఉద్దేశం కానక్కర్లేదు, నా ఉద్దేశం మాత్రం నేను రాసిన మాటల్లో ఉండి తీరాలి అని. ఈ ఆధారం ఆ పరీక్షకి నిలుస్తుంది.

పలకాబలపం | ఉ. 8.16
ఆఫ్రిట్ దాకా ఎందుకమ్మా, మన ఇంట్లో లేవా సూత్రాలు? నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఒక కందం ఉంది. "నాయశరగసార" అని మొదలై "రసాగరశయనా" అని ముగుస్తుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా అదే పద్యం. సరిగ్గా మధ్యలో "నియమా" దాటగానే "మాయని" వస్తుంది. మా మీదున్న దీర్ఘం మాతోనే ప్రయాణం చేసింది, పక్క అక్షరానికి అప్పివ్వలేదు. వికటకవి తీసుకోండి, మందారదామం తీసుకోండి. గుడులు, దీర్ఘాలు, సున్నాలతో సహా అద్దంలో చూసినట్టుంటాయి.

ఇలా అక్షరాలతో ఆడే చిత్రకవిత్వంలో బ-వలకు, డ-లలకు భేదం చూడనక్కర్లేదని, సున్నా విసర్గల వల్ల చిత్రం చెడదని సంస్కృత ఆలంకారికులు కొన్ని సడలింపులిచ్చారు. ఆ జాబితాలో హ్రస్వదీర్ఘాల ఊసు లేదు. అంత ఉదారంగా ఉన్నవాళ్ళే ఇవ్వనిది ఈ కూర్పరి తనకు తాను ఇచ్చేసుకున్నాడు.

నాకెందుకింత పట్టుదల అంటారా? చెబుతాను. 1980లలో ఒక వారపత్రికలో గడికి బహుమతి పెట్టేవారు. గళ్ళన్నీ నింపి పంపాను. ఒక్క చోట "రాణి"కి బదులు "రాణీ" అని రాశాను. ఆ ఒక్క దీర్ఘానికి నా పేరు పోయింది. వంద రూపాయలు. అప్పట్లో మా ఇంటికి నెల పాల ఖర్చు. రాణీ అని రాయడం కూడా వాడుకలో ఉందని కార్డు రాశాను, జవాబు లేదు. ఆ రోజు నా దీర్ఘం తప్పయితే ఈ రోజు ఇదెలా ఒప్పవుతుంది?

సగంగడి | ఉ. 8.19
అంటే నలభై ఏళ్ళ కిందటి రాణీకి ఈ కిటికీ జరిమానా కడుతోంది.

గడిగడికీ | ఉ. 8.27
మా ఊళ్ళో "కిటికి మూయి" అనే అంటారు. చివర సాగదీసేవాళ్ళు ఎవరూ లేరు. కిటికి అని రాసుకుంటే ముందు నుంచీ వెనక నుంచీ ఒకటే. గొడవ లేదు.

డాలస్ వదిన | ఉ. 8.31
గొడవ ఉంది, కింద కీలుబొమ్మ ఉంది కదా. కిలుబొమ్మ అనలేం. మీ సాయానికి థాంక్స్ గానీ, నా వాదన పాడుచేయకండి.

గళ్ళచొక్కా | ఉ. 8.33
కొంతమంది కూర్పరులు హ్రస్వదీర్ఘాలు పట్టించుకోరు, కొంతమంది పట్టించుకుంటారు. గడి పైన ఒక లైను రాసేస్తే పోయే దానికి...

కూర్పరి | ఉ. 9.05
పిలిచారని వచ్చాను. కిటికీ ఎటు నుంచి చూసినా కిటికీయే, వదిన చెప్పినట్టే. నిజం చెప్పాలంటే మొదట అక్కడ కిటికి అనే పెట్టుకున్నాను, 15 నిలువులో కిలకిల. అప్పుడు కింద 19 అడ్డం కూలిపోయింది. కిలకిల తీసి కీలుబొమ్మ పెట్టాను. దీర్ఘం వచ్చింది. ఆధారం మార్చడానికి మనసొప్పలేదు, బాగుందనిపించింది.

పలకాబలపం | ఉ. 9.09
విన్నారా! తిప్పి చదవడమే ఆయన ఉద్దేశం. "చూసినా" అన్నది తర్వాత కట్టిన కథ. గళ్ళ అవసరం కోసం దీర్ఘం, పంతం కోసం ఆధారం. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

డాలస్ వదిన | ఉ. 9.20
ఆయన మనసులో ఏముందో నాకనవసరం. అచ్చయిన ఆధారం ఏం చెప్పిందో అదే లెక్క. అచ్చయిన దాని ప్రకారం జవాబు కిటికీ. మీకు అది తట్టలేదు మాస్టారూ, అంతే. దానికోసం పాపం తిమ్మన గారిని కూడా నిద్ర లేపారు. నిన్న నక్షత్రాల ఆధారం దగ్గర ఇంతే, మొన్న ఉప్మా దగ్గర ఇంతే. మీకు రానిదల్లా కూర్పరి తప్పేనా?

గడిగడికీ | ఉ. 9.22
వదినా, కాస్త నిమ్మళించండి. పెద్దాయన.

పలకాబలపం | ఉ. 9.41
తట్టకపోవడం కాదమ్మా. తట్టే అవకాశం ఎవరిచ్చారు? గడి 5.30కి వస్తుంది. 5.48కి మీ పోస్టు: "మొత్తం అయిపోయింది, 14 అడ్డం దగ్గర గాలి బాగా తగులుతోంది". నేను ఆరింటికి లేచి, కాఫీ కలుపుకుని ఫోను తెరిస్తే ముందు తగిలేది మీ గాలి. కిటికీ అని నాకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసే రాయలేదు. ఇంకొకరు ఊదిన జవాబు నా పెన్నుతో రాయబుద్ధి కాలేదు. వేరే ఏదైనా కుదురుతుందేమోనని గంటసేపు కూర్చుంటే గవాక్షం దొరికింది. అది నాది. తప్పో ఒప్పో నాది.

మా స్టాఫ్‌రూములో నలుగురం ఒకే పేపరు ముందు కూర్చునేవాళ్ళం. ఒకడికి జవాబు తెలిసిందంటే చెప్పేవాడు కాదు. పెన్ను మూత పెట్టేసి గోడకేసి చూసేవాడు. వాడి మొహం చూసి మాకు పంతం వచ్చేది. బెల్లు కొట్టినా లేచేవాళ్ళం కాదు. ఇక్కడ ఇరవై నిమిషాల్లో తీర్పు చెప్పేసి, మిగిలిన వాళ్ళని చప్పట్లు కొట్టమంటున్నారు.

గళ్ళచొక్కా | ఉ. 9.44
ఓహో. అసలు సంగతి ఇదా. రెండున్నర గంటల నుంచి దీర్ఘం అంటున్నారు!

డాలస్ వదిన | ఉ. 10.02
మీకు పొద్దున 5.30 అంటే ఇక్కడ ముందు రోజు రాత్రి ఏడు. వంట అయ్యి, పిల్లలు ఎవరి గదుల్లోకి వాళ్ళు పోయే వేళ. వాళ్ళకి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. రోజు మొత్తంలో నేను తెలుగులో ఆలోచించే అరగంట ఈ గడి దగ్గరే. మీరు లేచేదాకా ఆగాలంటే, ఒక్కదాన్నే నింపుకుని ఒక్కదాన్నే మూసేసుకోవాలి. నేను ఫస్టు వచ్చానని చెప్పుకోవడానికి రాస్తున్నానా? ఆ టైముకి ఇంకెవరైనా మేలుకుని ఉంటే ఒక మాట కలుస్తుందని రాస్తాను. మీ స్టాఫ్‌రూములో మీకు నలుగురున్నారు.

గాలి అన్నది మాత్రం నా తొందరే. అంత సూటిగా తగులుతుందనుకోలేదు.

సగంగడి | ఉ. 10.05
నాకు తగల్లేదు. నేను పంకా అని రాశాను.

గళ్ళచొక్కా | ఉ. 10.11
పంకా రెండక్షరాలు కదా?

సగంగడి | ఉ. 10.12
అందుకే నా పేరు సగంగడి.

గడిగడికీ | ఉ. 10.18
ఒక పని చేద్దాం. తొమ్మిదింటి వరకు "నాకు ఇన్ని వచ్చాయి" అని రాయొచ్చు, నంబరు పేరెత్తకూడదు. ఆ తర్వాత సూచనలు. జవాబులు మధ్యాహ్నం పన్నెండు దాటాకే. తొందరగా నింపిన వాళ్ళు మాట్లాడుకోవడానికి వేరే చర్చాదారం పెట్టుకోండి, తలుపు మీద "నింపినవాళ్ళకే" అని రాయండి.

డాలస్ వదిన | ఉ. 10.24
పన్నెండంటే ఇక్కడ అర్ధరాత్రి ఒకటిన్నర. నేను మాత్రం ఉండను. వేరే దారం సరే. అందులోకి ఎవరూ రాకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తాను, ముందే చెబుతున్నా.

పలకాబలపం | ఉ. 10.30
నేను వస్తాను. ఆరున్నరకి. అప్పటికి ఎన్ని వచ్చాయో నిజం చెబుతాను. కిటికీ విషయంలో మాత్రం నా మాట మారదు. దీర్ఘం దీర్ఘమే.

డాలస్ వదిన | ఉ. 10.32
చూసినా అంటే చూసినాయే. గుడ్ నైట్ మాస్టారూ.

కొత్తపెన్సిల్ | ఉ. 10.50
ఒక చిన్న మాట, ఏమీ అనుకోకండి. పొద్దున నేను ఫోను తెరిచేసరికి ఈ చర్చ శీర్షికలోనే కిటికీ అని ఉంది. 7.12కి. నేను అప్పటికి 3 అడ్డం దగ్గరే ఉన్నాను.

గళ్ళచొక్కా | ఉ. 10.51
హహ్హహ్హ. మాస్టారూ, ఇక్కడ క్షంతవ్యుడు కుదురుతుంది.

పలకాబలపం | ఉ. 11.08
నిజమే నాయనా. కోపంలో చూసుకోలేదు. శీర్షిక మారుద్దామంటే ఇక్కడ ఆ వీలు కనిపించడం లేదు.

నీ 6 నిలువు ఇంకా అలాగే ఉందా? జవాబు చెప్పను. కోతికి సంస్కృతంలో ఏమంటారో మూడక్షరాల్లో కాగితం మీద రాయి. మొదటి అక్షరం మీద వేలు పెట్టి మూయి. మిగిలింది ఒంట్లో ఎక్కడుంటుందో చూడు.

కొత్తపెన్సిల్ | ఉ. 11.13
మర్కటం రాశాను. మ మూస్తే ర్కటం వస్తోంది.

పలకాబలపం | ఉ. 11.15
ఇంకో కోతిని పట్టుకో.

కొత్తపెన్సిల్ | ఉ. 11.21
వచ్చింది!! వచ్చింది మాస్టారూ. రాయొచ్చా ఇక్కడ?

పలకాబలపం | ఉ. 11.22
పన్నెండు కాలేదు. పెన్ను మూత పెట్టు.