అప్‌డేట్: ఊలు కేకు ఇప్పుడు కదలకుండా నిలబడుతోంది

మిగిలిన ఊలుతో క్రోషేలో (కొక్కెం సూది అల్లికలో) అల్లిన బొమ్మ కేకు అడుగు ఉబ్బి దొర్లిపోతోందని, కుట్ల సందుల్లోంచి దూది కనబడుతోందని పోయినవారం అడిగాను. మీరు చెప్పినవన్నీ చేసి చూశాను. రెండూ సర్దుకున్నాయి, అందరికీ చాలా థాంక్స్.

దూది కనబడటానికి కారణం సూదే. కోరాపుట్ చలికి స్వెటర్లల్లగా మిగిలిన ఊలు ఇది. దానికి 4 మి.మీ. సూది మాని 3 మి.మీ. వాడితే కుట్లు దగ్గరపడ్డాయి. చెయ్యి కాస్త నొప్పెడుతుంది గానీ వేరే దారి లేదు.

అడుగుకి మ్యాజిక్ రింగులో (లాగితే బిగుసుకునే ఊలు ఉచ్చులో) 6 సింగిల్ క్రోషేలు (మామూలు పొట్టి కుట్లు), ఆపై వరుసకు 6 చొప్పున పెంచుతూ (ఒకే కుట్టులో రెండు కుట్లు వేస్తూ) 36 వరకు. పెంపులు ప్రతిసారీ ఒకదానిపై ఒకటి పడితే గుండ్రానికి ఆరు మూలలొస్తాయి, కాస్త జరపాలి. బిళ్ల గిన్నెలా లేస్తే పెంపు తప్పినట్టు, అంచు కుచ్చులు పడితే ఎక్కువైనట్టు. 7వ వరుస పెంచకుండా, కుట్టు వెనక పోగులోనే అల్లాలి. అంచు గీత గీసినట్టు మడత పడేది అక్కడే! తర్వాత 8 వరుసలు మామూలుగా.

లోపల అట్ట వద్దు, బరంపురం వైపు తేమకు మెత్తబడిపోతుంది. ఐస్‌క్రీం డబ్బా మూతను అడుగుకన్నా కొంచెం చిన్నగా కత్తిరించి పెట్టాలి. దూది ముందు అంచుల్లో, ఆఖర్న మధ్యలో, అదీ వదులుగా.

ఊలు బిస్కెట్లకైతే 30 కుట్ల బిళ్లలు రెండు, మధ్యలో తెల్ల ఊలుతో కలిపి కుట్టడమే. దూది అక్కర్లేదు.