భూటాన్‌కు ఒలింపిక్ చోటు: ప్రమాణం అందుకోకపోయినా ఇవ్వాలా?

నీలిగీత:
పారిస్ 2024కి భూటాన్ ముగ్గురిని పంపింది: విలువిద్యకు లామ్ దోర్జీ, ఈతకు సంగయ్ తెన్‌జిన్, మారథాన్‌కు కిన్జాంగ్ ల్హామో. ల్హామో 3:52:59కి అందరికన్నా ఆఖరున గీత దాటింది. గెలిచిన సిఫాన్ హసన్ టైము 2:22:55, అర్హత ప్రమాణం 2:26:50. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ పోటీ అన్నాక, ప్రమాణం అందుకోకపోయినా ఇచ్చే ఈ యూనివర్సాలిటీ చోట్లు ఎందుకు?

వింటినారి:
అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తారనుకోకండి. అథ్లెటిక్స్‌లో అర్హులు లేని దేశానికే ఇస్తారు, అదీ ఒక్క అంశంలో. 10,000 మీటర్లు, స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు దూకే పరుగు) దొరకవు. 100 మీటర్లకైతే ముందు ప్రిలిమినరీ రౌండు పరిగెత్తాలి. ఈతలో పారిస్‌కి వెళ్లాలంటే ఫుకువోకా 2023లోనో దోహా 2024లోనో ప్రపంచ పోటీల్లో ఈది ఉండాల్సింది. అన్నట్టు పారిస్‌లో మన శ్రీహరి నటరాజ్, ధినిధి దేసింగు వెళ్లిందీ ఈ దారినే. 140 కోట్ల దేశం వాడుకుంటే లేని తప్పు భూటాన్‌కేనా?

నీలిగీత:
మనవాళ్లు వెళ్లినా నా అభ్యంతరం అదే. పారిస్ ఈతలో ఉన్నవి మొత్తం 852 చోట్లు. యూనివర్సాలిటీ వాళ్లకిచ్చాక మిగిలినవే రెండో ప్రమాణం అందుకున్నవాళ్లకి. పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో నేరుగా అర్హత 48.34 సెకన్లు, రెండో ప్రమాణం 48.58. ఆ పావు సెకను తేడాతో ఆగినవాడికి పిలుపు వస్తుందో రాదో తెలియదు.

వింటినారి:
భూటాన్ ఈతగాడికి సమయం ఎక్కడ పోతుందో చూడండి. టోక్యో ఒలింపిక్స్‌కి ముందు తెన్‌జిన్ సాధన థింఫూలోని 25 మీటర్ల కొలనులో. అక్కడ వంద మీటర్లకి మూడు మలుపులు, ప్రతిసారీ గోడని తన్ని ముందుకు దూసుకోవచ్చు. 50 మీటర్ల ఒలింపిక్ కొలనులో మలుపు ఒక్కటే. చివరి పదిహేను మీటర్లలో చేతులు బరువెక్కిపోతాయి.

గురి70:
ఈత సరే, విలువిద్య వాళ్ల జాతీయ క్రీడ కదా! 1984 నుంచి వస్తున్నారు, బీజింగ్ 2008 దాకా పంపింది విలుకాళ్లనే. పతకం ఏది?

వింటినారి:
ఆట పేరు ఒకటే, పని వేరు. వాళ్ల ఊరి పోటీల్లో గురి దాదాపు 140 మీటర్ల దూరం, ఇప్పుడు ఎక్కువగా చక్రాలుండే కాంపౌండ్ విల్లు. చక్రాల వల్ల నారి పూర్తిగా లాగాక బరువు బాగా తగ్గుతుంది. ఒలింపిక్స్‌లో 70 మీటర్లు, చక్రాలు లేని రికర్వ్ విల్లు. బరువంతా వేళ్ల మీదే. నిలిపి ఉంచేటప్పుడు భుజం వణికితే బాణం 12.2 సెంటీమీటర్ల పది వలయం దాటిపోతుంది. అయినా భూటాన్ విలుకత్తె కర్మ 2019లో బ్యాంకాక్ ఆసియా అర్హత పోటీల్లో సొంతంగా టోక్యో చోటు తెచ్చుకుంది. మొదటి రౌండులోనే మన దీపికా కుమారి ఎదురైంది, 6–0తో ఓడిపోయింది కర్మ.

నీలిగీత:
కర్మ దారే సరైనదంటాను. మారథాన్ వరకు ఒప్పుకుంటా, రోడ్డు మీద ఒకరు ఎక్కువైతే ఎవరికీ అడ్డు కాదు. ఈతలో మాత్రం ఆ 852లోంచి తియ్యకుండా, యూనివర్సాలిటీ వాళ్లకి వేరే లెక్క పెట్టండి.