అప్‌డేట్: 1951 ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించాను

టెక్సస్‌లో మా పొలంలో ఉన్న పాత 8ఎన్ పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్) మాటిమాటికీ మాడిపోతున్నాయి, 6 వోల్టుల పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపిన) బండికి ఎలక్ట్రానిక్ కిట్ పనికొస్తుందా అని అడిగాను కదా. పనికొస్తుంది. కాకపోతే అచ్చంగా పాజిటివ్ ఎర్త్ కోసం చేసిన కిట్టే కొనాలి. నెగటివ్ ఎర్త్‌ది తగిలిస్తే మాడ్యూల్ (కిట్‌లోని ఎలక్ట్రానిక్ భాగం) కాలిపోతుంది.

నాది డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో సిలిండర్‌కి పంచే భాగం) ఇంజన్ పక్కన ఉండే మోడల్, అందుకే పని సులువైంది. పాయింట్లు, కండెన్సర్ తీసేసి సెన్సర్ బిగించి, షాఫ్ట్ మీద అయస్కాంతం రింగు దించితే అయిపోయింది. తీసిన పాయింట్ల మీద ఒకవైపు గుంట, రెండోవైపు చిన్న బొడిపె! ఇంక పాయింట్ల మధ్య 25 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) గ్యాప్ కోసం ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) పట్టుకుని తంటాలు పడక్కర్లేదు.

అసలు జాగ్రత్త కరెంటు దగ్గర. కాయిల్‌కి వెళ్ళే వైర్లో రెసిస్టర్ (కరెంటు తగ్గించేది) ఉంటే, అది దాటకముందే మాడ్యూల్‌కి సప్లై ఇవ్వాలి. కాయిల్ (స్పార్క్‌కి వోల్టేజీ పెంచేది) ఓమ్స్, అంటే దాని నిరోధం, కిట్ కాగితంలో చెప్పినదానికి తగ్గకూడదు. బ్యాటరీ నీరసంగా ఉంటే స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోయి స్పార్క్ రాదు. ఇంజన్ ఆగాక తాళం ఆన్‌లో వదిలేయకండి.

ఇప్పుడు చల్లటి పొద్దున కూడా ఇట్టే అందుకుంటోంది. పాత పాయింట్ల సెట్టు మాత్రం టూల్‌బాక్సులోనే ఉంచాను, చేలో మాడ్యూల్ పోతే అదే దిక్కు. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్సండీ.