డీబీఎస్ అమర్చినవారికి ఎం.ఆర్.ఐ. తీయవచ్చునా?

ప్రశ్న – అనంతపురం
మా నాన్నగారికి పార్కిన్సన్స్ వ్యాధికి బెంగళూరులో డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ – మెదడులో తీగ అమర్చి, ఛాతీలోని బ్యాటరీతో సన్నని కరెంటు పంపడం) ఆపరేషన్ చేయించాము. ఇప్పుడు నడుము నొప్పికి ఇక్కడి ఎముకల డాక్టరుగారు ఎం.ఆర్.ఐ. రాయగా, స్కాన్ సెంటర్ వారు ఛాతీ మీద ఉబ్బెత్తుగా కనబడే బ్యాటరీని చూసి వీలుకాదని పంపేశారు. ఇక ఎప్పటికీ తీయకూడదా? ఎడమ చెయ్యి మళ్లీ వణుకుతున్నది; తలలో తీగ జరిగిందేమో చూడాలన్నా ఇదే ఇబ్బందా?

జవాబు – కర్నూలు (రేడియాలజీ విభాగంలో పనిచేస్తాను)
వారు జంకడంలో తప్పు లేదు, కాని పరికరం మోడల్ రాసి ఉండే కార్డు అడగకుండా పంపేయడం సరికాదు. తల నుండి ఛాతీ వరకు చర్మం కింద సాగే తీగ, స్కాన్ యంత్రపు రేడియో తరంగాలను ఏరియల్ లాగా పట్టుకుంటుంది; ఆ వేడి మెదడులోని కొన వద్ద చేరితే చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతినవచ్చు. అందువల్లనే షరతులు. 2015లో అమెరికాలో కొన్ని మోడళ్లకు 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో శరీరమంతటికీ స్కాన్ చేసే అనుమతి వచ్చింది, తరువాత వచ్చిన కొన్నింటికి 3 టెస్లా కూడా చెల్లుతుంది. బ్యాటరీ ఒక్కటే కాదు, తీగల మోడల్ కూడా సరిపడాలి. ఆపరేషన్ నాడు ఇచ్చిన కార్డు, బెంగళూరు న్యూరాలజిస్టు గారి లేఖ తీసుకుని వెళ్లండి.

తీగ స్థానానికైతే సాధారణంగా సీటీ చాలు, అందులో ఈ వేడి భయం లేదు. దానిని ఆపరేషన్‌కు ముందటి ఎం.ఆర్.ఐ.తో కంప్యూటరులో కలిపి, తీగ కొన మెదడు లోతున కదలికలకు సంబంధించిన సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే భాగంలో ఉన్నదీ లేనిదీ చూస్తారు. ఆ భాగం ఎంత చిన్నదంటే రెండు మిల్లీమీటర్ల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. కనుక పాత సీడీ పారేయవద్దు. అంతకుముందు బ్యాటరీ, సెట్టింగులు చూపించండి. వణుకు తిరిగి రావడానికి అవీ కారణం కావచ్చు.

జవాబు – కడప
మా అత్తయ్యగారికి స్కాన్ తీసినప్పుడు పరికరాన్ని ఆపవలసి వచ్చింది. ఆపిన కాసేపటికే చెయ్యి అదరడం మొదలై, మొదటి బొమ్మలన్నీ చెదిరిపోయాయి. మాత్ర పనిచేసే వేళకు స్కాన్ సరిపడేలా ముందే మాట్లాడుకోండి. బయటికి రాగానే పరికరం ఆన్ చేశారో లేదో మీరే చూసుకోండి.

ప్రశ్నించినవారు
కృతజ్ఞతలండి. కరెంటు సాగుతుండగానే మెదడు పనితీరును చూడగలరా?

జవాబు – కర్నూలు
చూడగలరు, కాని అది ఎక్కువగా పరిశోధనలలో. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ బెనబిడ్ గారు ఆధునిక డీబీఎస్‌కు దారి తీసిన తరువాత, మెదడు పనితీరును చూపే పెట్ స్కాన్‌తోనూ, ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.తోనూ పరిశీలించినవారికి కరెంటు ప్రభావం కొన దగ్గరే ఆగక, దూరానున్న కదలికల కేంద్రాలలోనూ మార్పులు కనబడ్డాయి. మీ నాన్నగారి వైద్యానికి అది అవసరం రాదు. ముందు కార్డు వెతకండి.