బార్సిలోనాలో గౌడీ కట్టడాలు: పోలికలు చాలు, అసలు ఏం చూడాలి?

రఫ్‌స్కెచ్:
ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నా. ప్రస్తుతం బార్సిలోనాలోనే ఉన్నాను. ఆర్కిటెక్ట్ గౌడీ చేసిన కాసా బాత్యో అనే ఇల్లు, పార్క్ గ్వెల్ చూసేశాను, బాగున్నాయి, కాదనను. కానీ ఆడియో గైడ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఒకటే పాట, ఈ స్తంభాలు ఎముకల్లా ఉన్నాయి, ఆ కప్పు డ్రాగన్ వీపులా ఉంది, ఇది అల, అది ఆకు అని. రిపోర్ట్‌లో "ప్రకృతి ప్రేరణ" అని రాసి ఈ పోలికలే పెడితే మా పనిని పరీక్షించే జ్యూరీలో రెండో ప్రశ్నకే దొరికిపోతాను. వెళ్లిపోయేలోపు దేని ముందు కూర్చుని గీయాలో ఎవరైనా చెప్తారా?

గొలుసుకట్టు:
మీకొచ్చిన అనుమానం సరైనదే. వీలైతే బాత్యోకి మళ్లీ వెళ్లండి, ఈసారి ఎలివేషన్ (బయటి ముఖం) వదిలేసి మధ్యలో ఉన్న లైట్ వెల్, అంటే పైనుంచి వెలుతురు దిగే బావిలాంటి ఖాళీ, చూడండి. పైన ముదురు నీలం టైల్స్, కిందికి వచ్చేకొద్దీ రంగు తేలిపోతూ తెలుపుకు దగ్గరవుతుంది. కిటికీలు మాత్రం పైన చిన్నవి, కింద పెద్దవి. పైన వెలుతురు ఎక్కువ, కింద తక్కువ కాబట్టి అన్ని అంతస్తులకూ సమంగా పంచడానికి చేసిన పని అది. ఆ సెక్షన్ (నిలువుకోత) ఒక్కటి గీస్తే సగం రిపోర్ట్ అయిపోయినట్టే.

పార్క్ గ్వెల్‌లో కూడా అంతే, అందరూ అక్కడి బల్లి బొమ్మ దగ్గర ఫోటో దిగి వస్తారు. పైనున్న మైదానానికి గచ్చు వేయలేదు, వాన నీరు మట్టిలోంచి వడకట్టుకుని కింద ఉన్న 86 స్తంభాల లోపలి గొట్టాల గుండా తొట్టిలోకి చేరుతుంది, తొట్టి నిండితే ఆ బల్లి నోట్లోంచి పొర్లుతుంది.

ఇక తప్పకుండా చూడాల్సింది ఊరి బయట ఉన్న కొలోనియా గ్వెల్ క్రిప్ట్, అంటే చర్చి కింది భాగం. ప్లాసా ఎస్పాన్యా నుంచి రైలు ఉంటుంది, జనం తక్కువ. గౌడీ దీనికోసం తాళ్లు వేలాడదీసి, వాటికి సీసపు గుండ్లు నింపిన చిన్న సంచులు కట్టి, తాళ్లు తమంతట తాము తీసుకున్న వంపుని తలకిందులు చేశాడు. వేలాడే తాడులో ఉండేది లాగుడు మాత్రమే, తిప్పితే అదంతా నొక్కుడవుతుంది, రాయికి, ఇటుకకి కావాల్సింది అదే. అక్కడి వాలు స్తంభాలు స్టైల్ కోసం వాలలేదు, బరువు వెళ్లే దారిలో నిలబడ్డాయి. చర్చి పైభాగం కట్టనేలేదు, 1914లో పని ఆగిపోయింది.

ఎషాంప్లా_నడక:
పై జవాబు బాగుంది కానీ గౌడీని మరీ రాయి, ఇటుకల సాధువుని చేయకండి. ఆయనదే ఇంకో ఇల్లు కాసా మిలా, దాని అటకలో ఇటుక ఆర్చీలు చూసి మురిసిపోయాక కిందికి దిగి గోడ గురించి ఆలోచించండి. బయట కనిపించే ఆ రాతి అలలు ఇంటి బరువు మోయవు, వెనకున్న స్తంభాలకు, ఇనుప దూలాలకు తగిలించినవి. లోపల గోడలు ఎటైనా జరుపుకోవచ్చు. 1906-1912 మధ్య కట్టిన ఇల్లది! నాకైతే అలల కంటే అదే గొప్ప.

ఇంకో మాట, ఈ ఊళ్లో ఆర్కిటెక్ట్ ఆయనొక్కడే కాదు. డొమెనెక్ ఇ మొంతానెర్ కట్టిన సంత్ పావు ఆసుపత్రి చూడండి. పువ్వులు, ఆకుల మొజాయిక్‌లు అక్కడా ఉన్నాయి, కానీ నాకు నచ్చేది ప్లాన్. వార్డులన్నీ విడివిడి భవనాలు, మధ్యలో తోటలు, రాకపోకలు భూమి కింద సొరంగాల్లో. నగర ప్లానర్ సెర్దా 1859లో గీసిన ఈ ఊరి వీధుల గళ్లకు ఆసుపత్రిని 45 డిగ్రీలు తిప్పి పెట్టాడు డొమెనెక్. ప్రకృతిని గోడమీద చెక్కడం కాకుండా రోగి కిటికీ దాకా తేవడం అంటే అది.

రఫ్‌స్కెచ్:
ఇద్దరికీ థాంక్స్ అండీ. రేపు పొద్దున్నే కొలోనియా గ్వెల్. మరి సగ్రాదా ఫమీలియా చర్చి సంగతేంటి? గౌడీ 1926లో పోయాడు, కట్టింది చాలావరకు తర్వాతే కదా, దాన్ని ఆయన పేరు మీద రాయొచ్చా?

మూలమట్టం:
రాయొచ్చు, కానీ ఏది ఎవరిదో విడదీసి రాయండి. పాషన్ వైపు (క్రీస్తు శిలువ కథ చూపే ముఖం) శిల్పాలు సుబిరాక్స్ అనే శిల్పివి, ఆ కోణాలు చూడగానే తెలిసిపోతుంది, నాకు అంతగా నచ్చవు. లోపలి స్తంభాలు మాత్రం గౌడీ లెక్కే. 1936లో ఆయన వర్క్‌షాప్ తగలబెట్టి ప్లాస్టర్ మోడల్స్ పగలగొట్టారు, తర్వాతివాళ్లు ఆ ముక్కలు అతికించి పని కొనసాగించారు. అది సాధ్యపడింది ఎందుకంటే ఆయన తోచినట్టు వంపులు తిప్పలేదు, హైపర్‌బొలాయిడ్ (సరళరేఖలతో గీయగలిగే వంపు తలం) లాంటి జామెట్రీతో కట్టాడు, సూత్రం దొరికితే మిగతాది గీయొచ్చు.

ఒక్క స్తంభం తీసుకుని ఎత్తు మారేకొద్దీ అడ్డకోతలు గీయండి. కింద ఎనిమిది అంచులు, పైకి 16, తర్వాత 32, అలా గుండ్రానికి దగ్గరవుతుంది. ఒకే ఆకారాన్ని రెండు వైపులకీ మెలితిప్పితే వచ్చిన రూపం. పైన కొమ్మలుగా చీలి కప్పుని అక్కడికక్కడే మోస్తుంది కాబట్టే గోతిక్ చర్చిల్లా బయటి నుంచి ఊతాలు పెట్టాల్సిన పని లేదు. చెట్టు పోలిక పనికొచ్చేది ఇక్కడే.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో టైమ్ చూసుకుని తీసుకోండి. సాయంత్రం స్లాట్ అయితే పడమటి వైపు ఎరుపు, నారింజ అద్దాల వెలుగు స్తంభాల మీద పడుతుంది, స్కెచ్ రంగుల్లో వేసేవాళ్లకి అదే మంచి టైమ్. నేటివిటీ (క్రీస్తు జననం) వైపు ఎలివేషన్ గీయాలంటే మాత్రం పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి అటు నీడ పడిపోతుంది.