చీనీ తోటలో పనికి చుట్టూ అంచు ఉండే టోపీ: ఏది తీసుకోవాలి?

రాప్తాడు_చీనీ (ప్రశ్న)

అనంతపురం పక్కన చీనీ (బత్తాయి) తోట. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా, మళ్లీ మూడు దాటినాక డ్రిప్ పైపులు చూసుకోవడం, పాదులు తీయడం, కాయ కోత. క్రికెట్ టోపీతో చెవులు, మెడ వెనక మాడిపోతున్నాయి. టవలు చుట్టుకుంటే మెడ బాగానే ఉంటుంది గానీ ముఖానికి నీడ లేదు. అంగళ్లలో గడ్డి అల్లికది, కాటన్‌ది, వెనక మెడ మీదికి గుడ్డ వేలాడే నైలాన్‌ది కనిపిస్తున్నాయి. అంచు ఎంత వెడల్పు ఉండాలి, ఏ గుడ్డ మేలు? జూన్ నుంచి మా వైపు గాలి ఎట్లుంటుందో తెలిసిందే, అది కూడా చూసి చెప్పండి. అమ్మకు కూడా ఒకటి కావాలి, ఆమెకు కొప్పు ఉంటుంది. ఒక్కోదానికి ఆరేడు వందలు పెట్టగలను.

పొద్దు_లెక్క, అనంతపురం

అన్నా, ముందు అంచు సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. చుట్టూరా 3 అంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్లకు తగ్గకూడదు. ముందర 3, వెనక 2 ఉండేవి చానా అమ్ముతారు. అవి చూడ్డానికి బాగుంటాయి గానీ మెడకు పనికిరావు. టేపు పెట్టి నాలుగు వైపులా కొలవండి.

ఆ కొలత ఎందుకంటే, అంచు నీడ ఎంత కిందికి దిగుతుందనేది పొద్దు ఎత్తును బట్టి ఉంటుంది. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకోసారి పొద్దు సరిగ్గా నడినెత్తికి వస్తుంది. మే మొదట్లో చూస్తే అది పన్నెండుంబావు ప్రాంతంలో జరుగుతుంది. పదింబావుకు, రెండుంబావుకు పొద్దు 60 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అప్పుడు 3 అంగుళాల అంచు నీడ 5 అంగుళాలు దిగుతుంది, అంటే కనుబొమల నుంచి గడ్డం దాకా. తొమ్మిదింబావుకు, మూడుంబావుకు అదే నీడ 3 అంగుళాలే, ముక్కు కొన దాకా. ఎనిమిదింబావుకు రెండు అంగుళాలు కూడా ఉండదు.

కాబట్టి మీరు పని మొదలుపెట్టే వేళకూ, సాయంత్రం నాలుగు దాటినాకా మెడను కాపాడేది అంచు కాదు, వెనక వేలాడే గుడ్డ లేదా టవలు. నడి పొద్దుతో పోలిస్తే ఆ వేళ ఎండకు చర్మాన్ని కాల్చే బలం తక్కువే గానీ, రోజూ పడితే అదీ లెక్కలోకే వస్తుంది. పాదులు తీసేటప్పుడు మనిషి వంగుతాడు, అప్పుడు మెడ నేరుగా పొద్దుకు ఎదురవుతుంది. గుడ్డ ఉండే తీరాలి.

ఇంకోటి, నేల నుంచి పైకి కొట్టే ఎండ. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 15 శాతం వెనక్కి కొడుతుంది, గడ్డి నేల చానా తక్కువ. అందుకే అంచు పైభాగం లేత రంగుగా, అడుగు భాగం ముదురు రంగుగా ఉండేది చూడండి. అడుగు తెల్లగా ఉంటే నేల మీది వెలుగు దానికి తగిలి మళ్లీ ముఖం మీదే పడుతుంది, కళ్లు చికిలించుకోవాల్సి వస్తుంది.

బేతంచెర్ల_బండ, కర్నూలు

గుడ్డ గురించి నేను చెప్తాను. అంగట్లో ఏ టోపీ పట్టుకున్నా ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే ఆ చుక్కల్లోంచి ఎండ కూడా వస్తుంది. వదులు అల్లిక గడ్డి టోపీలు ఇక్కడే తప్పిపోతాయి. గడ్డి టోపీ అని అమ్మేవాటిలో చానా వరకు కాగితాన్ని పురిపెట్టి అల్లినవి. వేలు తడిచేసి అంచు మీద గట్టిగా రుద్దితే కాగితమైతే మెత్తబడి నూగు లేస్తుంది. అట్లాంటిది చెమటకు నెల తిరక్కుండానే వంకర పోతుంది. నిజమైన గడ్డి, తాటాకు అల్లికకు గాలి బాగా ఆడుతుంది, తలకు హాయి. కాకపోతే మన పొడి ఎండకు పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది, మడిచి సంచిలో పెట్టే పని లేదు.

నైలాన్‌ది తేలిక, అరగంటలో ఆరుతుంది. చీటీ మీద యూపీఎఫ్ 50 అని ఉంటే ఆ గుడ్డలోంచి అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే 2 శాతం మాత్రమే దిగుతుందని అర్థం. ఆ అంకె గుడ్డకే గానీ గాలి ఆడేందుకు వేసే చిల్లుల జాలీకి వర్తించదు. జాలీ నెత్తి మీద ఉంటే కొనొద్దు. పక్కల్లో, అంచుకు కాస్త పైన ఉండాలి. జాలీ అసలే లేని నైలాన్ మే నెలలో ఉడకబెడుతుంది.

కాటన్ మందంగా, రెండు పొరలుగా ఉంటే మన వైపు ఎండాకాలానికి అదే మేలు అంటాను. గాలిలో తేమ తక్కువ కాబట్టి తడిపి పిండి పెట్టుకుంటే నీళ్లు త్వరగా ఆవిరై తల చల్లబడుతుంది. రెండు సంగతులు మరచిపోవద్దు. తడిసిన పల్చటి కాటన్ పొడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ ఎండను లోపలికి వదులుతుంది. పైగా తడి బరువుకు అంచు కళ్ల మీదికి వాలుతుంది. అందుకని నెత్తి భాగం మాత్రం తడపండి, అంచు కాదు.

రాప్తాడు_చీనీ

చానా సంతోషం అన్నా. గాలికి గడ్డం కింద తాడు ఒక్కటి సరిపోతుందా? చెనిక్కాయ (వేరుశనగ) నూర్పిడి కూడా ఉంటుంది మాకు.

కుట్టుమిషను, కడప

తాడు టోపీని పోనివ్వదు, అంతే. అంచు పైకి తిరగబడకుండా ఆపలేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆ గాలికి మెత్తటి అంచు ముఖం మీదికో నెత్తి మీదికో మడత పడుతుంది. అంగట్లోనే చూడాలంటే నెత్తి భాగం పట్టుకుని అంచును అడ్డంగా చాపండి. బిగువుగా నిలబడాలి. అంచు మీద గుండ్రంగా పావు అంగుళానికొక వరస కుట్టు ఉంటే నమ్మొచ్చు. అంచు చివర తీగ ఉండేవి మొదట్లో బాగుంటాయి గానీ, ఒకసారి వంగితే తీగ గుడ్డను చీల్చుకుని బయటికి వస్తుంది.

నూర్పిడి మిషను దగ్గర మాత్రం తాడు గడ్డం కింద కట్టుకోవద్దు, తీసేయండి. వేలాడే మెడ గుడ్డ కూడా చొక్కా లోపలికి దోపాలి, లేదా విప్పి పక్కన పెట్టాలి. తిరిగే బెల్టుకు తాడు చిక్కితే మెడను లాగేస్తుంది. మామూలు వేళల్లో కూడా లాగితే ఊడివచ్చే క్లిప్పు ఉన్న తాడే మంచిది.

సైజుకు టేపును కనుబొమలకు వేలెడు పైన, చెవుల పైగా, వెనక తల ఉబ్బు మీదుగా తిప్పి కొలవండి. వచ్చినదానికి అరంగుళం కలపండి. బిగుతైతే గంటలో నొసట గీత పడి తలనొప్పి వస్తుంది. నెత్తికి, టోపీకి మధ్య వేలెడు ఖాళీ ఉండాలి, వేడి నిలవకుండా.

అమ్మకు కొప్పు మెడ దగ్గర ఉంటే మామూలు టోపీ ముందుకు నెట్టుకుపోయి కళ్ల మీద కూర్చుంటుంది. వెనక పట్టీలో చీలిక ఉండి, అంచు మాత్రం తెగకుండా ఉన్నది చూడండి. అంచు కూడా చీలి ఉంటే మెడకు నీడ పోతుంది.

ఆరేడు వందల్లో మనసుకు నచ్చింది దొరక్కపోతే టైలరుతో కుట్టించండి, మీ ఊళ్లోనే అవుతుంది. పైకి లేత కాకీ డ్రిల్ (మందపాటి గట్టి గుడ్డ) ముప్పావు మీటరు, అంచు అడుగుకు ముదురు రంగు కాటన్ అర మీటరు, అంచు మధ్యకు బక్రం, అంటే బిగువు కోసం లోపల వేసే బిరుసు గుడ్డ. డ్రిల్, కాటన్ రాత్రంతా నానేసి ఆరబెట్టి ఇస్త్రీ చేశాకే కోయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి తల పట్టదు.

తల 23 అంగుళాలు, కలుపుకొని 23న్నర అనుకుందాం. నెత్తి ముక్క వ్యాసార్థం మూడు ముప్పావు. పక్క పట్టీ పొడవు 23న్నర, ఎత్తు 4. అంచుకు కాగితం మీద 4 అంగుళాల వ్యాసార్థంతో ఒక వలయం, అదే కేంద్రం నుంచి ఏడుంబావుతో ఇంకో వలయం గీయండి. లోపలి గీత చుట్టు 25 అంగుళాల పైచిలుకు వస్తుంది, మనకు కావాల్సింది 23న్నరే. మిగిలిన ఒకటిన్నర అంగుళం పైచిలుకును లోపలి గీత మీద గుర్తుపెట్టి, కేంద్రం నుంచి ఆ రెండు గుర్తుల మీదుగా బయటి గీత దాకా గీసి ఆ ముక్కను తీసేయాలి. రెండు కొసలు కలిపితే అంచు కొద్దిగా కిందికి వాలుతుంది. ఈ ముక్క తీయకుండా బల్లపరుపుగా కోస్తే గాలి అడుగున దూరి టోపీని ఎత్తేస్తుంది. చానామంది టైలర్లు ఇదే వదిలేస్తారు, దగ్గరుండి చెప్పండి.

ఇవన్నీ కుట్టు పడే గీత కొలతలు, గుడ్డను చుట్టూ అరంగుళం ఎక్కువ వదిలి కోయాలి. బక్రాన్ని మాత్రం గీత మీదికే. అంచు వరస కుట్లు లోపలి నుంచి మొదలుపెట్టి బయటికి రావాలి, బయటి నుంచి మొదలైతే మధ్యలో గుడ్డ ఉబ్బి ముడతలు మిగులుతాయి. లోపలి వలయానికి అరంగుళానికొక కత్తెర గాటు పెట్టాకే పట్టీకి తగిలించాలి. పక్కల్లో గాలికి రెండేసి ఇత్తడి రింగులు. నొసటి దగ్గర పాత తువ్వాలు గుడ్డతో పట్టీ, దాన్ని చేతి కుట్టుతో వేయిస్తే ఉప్పు పట్టినప్పుడు విప్పి మార్చుకోవచ్చు.

ఉతికేటప్పుడు పిండొద్దు, బ్రష్షుతో రుద్దొద్దు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, జాడించి, తలంత గిన్నె బోర్లించి దాని మీద నీడలో ఆరబెట్టండి.

బేతంచెర్ల_బండ, కర్నూలు

ఒకటి కలుపుతాను. మందు కొట్టే రోజుకు వేరే టోపీ పెట్టుకోండి. నొసటి పట్టీ మందును పీల్చుకుంటుంది, మళ్లీ చెమట పట్టినప్పుడు అది చర్మం మీదికే దిగుతుంది. దానికి పట్టీ లేని, త్వరగా ఆరే నైలాన్‌దే మేలు. ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతికి, విడిగా తగిలించండి.